ముదరనీ బావా

ఎడమకన్ను ఇక రాదని డాక్టరమ్మ చెప్పాక మార్కండేయులు అడిగిన మొదటి మాట, "రెండేళ్ళ కిందట వచ్చుంటేనోనండీ?" అని.

డాక్టర్ ఇందిరాదేవి చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ నిలబడింది. గుడివాడ స్టేషను రోడ్డు మీద ఆవిడ ఆసుపత్రంటే రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో జనం. వెనక గదిలో ఒక ఎత్తుబల్ల, గోడకి మేకులు కొట్టి బిగించిన పెద్ద నల్లగుడ్డ. పొద్దుట్నించీ ఆవిడ మార్కండేయుల్ని ఆ గదిలో పడుకోబెట్టీ కూర్చోబెట్టీ చూసింది. కళ్ళు మొద్దుబారే చుక్కలు వేసి, ముల్లున్న చిన్న పనిముట్టుని కనుగుడ్డు మీద నిలబెట్టింది. "కన్ను మెత్తగా ఉంటే ఈ ముల్లు బాగా జరుగుతుంది. మీది గోళీకాయలా ఉంది, కదలనంటోంది," అంది. దీపమున్న గొట్టం పట్టుకుని, ఊపిరి చెంపకి తగిలేంత దగ్గరికొచ్చి కంటి లోపలికి చూసింది. ఆఖర్న నల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి, మధ్యలో ఉన్న చుక్కని వదలకుండా చూడమని, సన్నపుల్ల చివరనున్న తెల్లపూసని గుడ్డ అంచు నుంచి మెల్లగా లోపలికి జరిపింది.

"కనపడగానే చెప్పండి."

మార్కండేయులు కుడికంటితో చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ కనపడకపోతే ఆవిడ పుల్ల జరపడం మానేసిందేమో అనుకున్నాడు. పూస మధ్యచుక్కని ఇంచుమించు తాకేవేళకి గాని కనపడలేదు. అన్నివైపుల నుంచీ అలాగే చేసి, కనపడ్డచోటల్లా ఆవిడ గుండుసూది గుచ్చింది. సూదులన్నీ కలిపితే అరచేతంత గుండ్రమైంది. గుడ్డ మాత్రం దుప్పటంత ఉంది.

"ఉండేది," అంది చివరికి డాక్టరమ్మ, తువ్వాలు మేకుకి తగిలించి. "రెండేళ్ళ కిందట వచ్చుంటే ఎడమకన్ను చాలావరకు ఉండేది. అబద్ధం చెప్పి మిమ్మల్ని పంపలేను."

"మాకు శుక్లమని చెప్పారండీ," అంది ఆయన భార్య శేషమ్మ. గుమ్మం పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"శుక్లం కాదమ్మా. నీటికాసులు. గ్లాకోమా అంటాం. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతుంటుంది, సన్నని దారిలోంచి బయటికి పోతుంటుంది. ఆ దారి పూడిందనుకోండి. మీ వైపు మురుక్కాలవ పూడితే చేలో ఏమవుతుంది?"

"నీళ్ళు నిలబడి వేళ్ళు కుళ్ళిపోతాయండీ," అంది శేషమ్మ.

"ఇదీ అంతే. ఒత్తిడికి కంటి వెనకున్న నరం చచ్చిపోతూ వస్తుంది. నొప్పుండదు, ఎరుపుండదు. ముందు పక్కచూపు పోతుంది, నడిమి చూపు ఆఖరిదాకా ఉంటుంది. అందుకే మనిషికి తెలీదు. కొందరికి మాత్రం దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. వాళ్ళకి దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనపడతాయి, తలపోటు, వాంతులు. అది గంటల్లో పని, మీది ఏళ్ళ పని. ఎలా చచ్చినా, చచ్చిన నరాన్ని బతికించే మందు ఇంకా పుట్టలేదు."

కుడికంటికి చుక్కలు రాసిచ్చింది. రోజుకు నాలుగుసార్లు, ఒక్క పూట కూడా తప్పకూడదు. నెల్లాళ్ళకి కూడా ఒత్తిడి దిగకపోతే ఆపరేషన్ చేసి నీరు పోవడానికి కొత్త దారి పెడతానంది. "పోయింది తేవడానికి కాదు, ఉన్నది నిలుపుకోడానికి," అని రెండుసార్లు చెప్పింది. నందివాడలో ఉన్న వాళ్ళ కూతుర్ని కూడా తీసుకొచ్చి చూపించమంది. ఇది రక్తంలో వస్తుందట.

"ఇంతకీ ఇదివరకు చూసిందెవరు?"

"బుచ్చిరాజనండీ. మా పెడన సంతకి వచ్చి కళ్ళు చూస్తాడు. శుక్లం ముదరాలన్నాడు. పచ్చికాయ ఎవరైనా కోస్తారా, ఆసుపత్రికి వెళ్తే కన్ను పీకి చేతిలో పెడతారన్నాడు," అన్నాడు మార్కండేయులు.

"శుక్లానికైతే ఆ మాట కొంత నిజమే," అంది డాక్టరమ్మ చీటీ మీద నుంచి తలెత్తకుండా. "దీనికి ముదరడమంటే గుడ్డితనమే."

*

తిరుగు రైలుబండి కవుతరం దాటాక శేషమ్మే అంది, "వాడి దగ్గరికి మొదట తీసుకెళ్ళింది నేనే."

"నువ్వు కాదు పీకింది. వాడు," అన్నాడాయన. అంతే.

పెడనలో బట్టల మీద అద్దకం వేసేవాళ్ళకి టేకు అచ్చులు చెక్కడం ఆయన వృత్తి. నెమలి మెడలో ఈకలు, తీగ మీద మొగ్గలు, వెంట్రుకవాసి గీతలు. ఉలి మొన దగ్గర చూపు ఇప్పటికీ చక్కగానే ఉంది. మోకాలి పక్కన పెట్టుకున్న సుత్తే కనపడదు. రెండేళ్ళుగా సుత్తి కోసం నేల తడుముతూ, శేషమ్మే ఎక్కడో సర్దేస్తోందని విసుక్కునేవాడు.

మంగళవారం పొద్దున్న మొదటిసారి చుక్కలు వేసుకున్నాడు. పావుగంటకి కనుబొమ మీద మేకు దించినట్టు పోటు మొదలైంది. కంటిపాప ఆవగింజంతైపోయి వసారా నీడ చీకటిలా కనిపించింది. పీట, దిమ్మె, ఉలులు పెరట్లో ఎండలోకి మోయించుకున్నాడు. మామిడిపిందె అచ్చు ఒకటి సగంలో ఉంది. గీత చుట్టూ కొయ్య తొలుస్తుంటే పెళ్ళలు లేస్తున్నాయి. ఒక్కొక్క దెబ్బకీ బుచ్చిరాజు మొహం కనపడింది. తెల్లచొక్కా, గంధం బొట్టు, నవ్వు. అందర్నీ 'బావా' అని పిలిచే ఆ గొంతు. వాడి సీసాలన్నీ సంత నడిబొడ్డున పగలగొట్టాలి. ఆ గాజుపెంకుల మీద వాణ్ణి నిలబెట్టాలి. 'పచ్చికాయ' అన్న ఆ నోట్లో మట్టి కొట్టాలి. శేషమ్మ నీళ్ళు తోడడానికి వచ్చినప్పుడు ఆయన ఉలి సానబెడుతున్నాడు. ఆవిడ తిరిగి వెళ్ళేటప్పటికీ అదే ఉలి సానబెడుతున్నాడు.

బుధవారం సంతకి ఆ ఉలి మొలలో దోపుకుని వెళ్ళాడు. దాంతో ఏం చేస్తాడో ఆయనకే తెలీదు.

బుచ్చిరాజు ఎప్పటిలాగే ధాన్యం మిల్లు గోడ పక్కన గోనెపట్టా కింద కూర్చున్నాడు. వెనక గోడ మీద అరవైరెండు ఎన్నికల రాతలు ఇంకా చెరిగిపోలేదు. బల్ల మీద సీసాలు, అట్టకి గుచ్చిన కళ్ళజోళ్ళు. ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు చతికిలబడి ఉన్నారు. మార్కండేయులు ఉల్లిపాయల గుట్ట వెనకాల ఆగాడు. జనం కాస్త పలచబడ్డాక వెళ్దామనుకున్నాడు.

టీ కొట్టావిడ వచ్చి గ్లాసు బుచ్చిరాజు కుడిపక్కగా చాపింది. అతను తీసుకోలేదు. ఆవిడ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. "టీ అండీ," అంది. అతను ఉలిక్కిపడి చెయ్యి విసిరాడు. గ్లాసు తగిలి టీ అంతా ఒళ్ళో పడింది. "ఎక్కడ పెట్టావమ్మా, చూసుకోవద్దూ!" అని కసురుకున్నాడు. లేచి పంచె దులుపుకుంటూ పక్కకి అడుగు వేసి వంకాయల బుట్టలో కాలు పెట్టాడు.

మార్కండేయులు ఉల్లిపాయల గుట్ట దాటి వచ్చాడు. బుచ్చిరాజు మళ్ళీ కూర్చుని ముందున్న ముసలావిడ కంటిరెప్ప ఎత్తి చూస్తున్నాడు. మార్కండేయులు అతని కుడిభుజం పక్కన, మూరెడు దూరంలో నిలబడ్డాడు. అతను తిరగలేదు. చెయ్యెత్తి, అతని చెవికి జానెడు ముందు వేళ్ళు ఆడించాడు. ముసలావిడ ఆ వేళ్ళకేసి వింతగా చూసింది. బుచ్చిరాజు మాత్రం, "కదలకమ్మా, కన్ను తిప్పకు," అన్నాడు.

ఇలాంటి సంతోషం మార్కండేయులు రెండేళ్ళుగా ఎరగడు. చేతిని మెల్లగా దించుకున్నాడు. తన ఉలి అక్కర్లేదు. ఆ చెక్కుడు అప్పటికే సగమైంది.

ఎవరితోనూ ఏమీ అనకుండా ఇంటికొచ్చాడు. శేషమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

"వాడికీ వచ్చింది," అన్నాడు.

చేట ఆగింది. "చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి," అంది శేషమ్మ. మళ్ళీ చెరగడం మొదలుపెట్టి, "వాడి పెళ్ళాం కూడా నాలాగే చెయ్యి పట్టుకుని నడిపించాలి. అప్పుడు తెలుస్తుంది," అంది.

గురువారమంతా మార్కండేయులు హాయిగా పనిచేశాడు. కనుబొమ పోటు కూడా పెద్దగా బాధించలేదు. శుక్రవారానికి మాత్రం ఆ సంతోషం సరిపోలేదు. బుచ్చిరాజు కళ్ళు పోగొట్టుకుంటున్నాడని తనకి తెలుసు గాని, అతని నోట వినలేదు. వినాలనిపించింది. ఉతికిన చొక్కా వేసుకుని, పొద్దుటి బండికి బుచ్చిరాజు ఉండే బందరు వెళ్ళాడు.

*

బందరు ఈడేపల్లిలో బుచ్చిరాజు ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. వీధరుగు మీదే కూర్చుని ఉన్నాడు. పక్కనుంచి మెట్లెక్కుతున్నంతసేపూ పలకలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాకే మొహం విప్పారింది.

"మార్కండేయులు బావ! రా, కూర్చో. కన్నెలా ఉంది?"

"ఎడమది పూర్తిగా పోయింది."

"పోవడమేంటి? ముదిరింది. ఇహ తీయించొచ్చు." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో దాపరికం ఏమీ లేదు. అరుగు మీద మొక్కకి పువ్వు పూసిందన్నంత తేలిగ్గా అన్నాడు.

అతని భార్య రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చింది. ఒకటి మార్కండేయుల ముందు పెట్టింది. రెండోది మొగుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, పట్టుకున్నాడని చూసుకున్నాక చెయ్యి వదిలింది. మార్కండేయులు అది చూశాడు.

ఆవిడ లోపలికి వెళ్ళాక బుచ్చిరాజు గొంతు తగ్గించాడు. "నీ దగ్గర దాపరికమేంటి బావా. నాకూ పట్టింది. ఆర్నెల్లయింది. గుమ్మాలు భుజానికి కొట్టుకుంటున్నాయి. మొన్న మీ ఊళ్ళో టీ ఒళ్ళో ఒంపుకున్నాను, సిగ్గేసింది. ఇదిగో, ఈ చుక్కలే వేసుకుంటున్నాను. పూటపూటకీ."

జేబులోంచి సీసా తీసి చూపించాడు. పన్నీరు, పటిక, తేనె. మార్కండేయులు రెండేళ్ళు వేసుకున్నదీ అదే.

మార్కండేయులు సీసాకేసి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ అతన్ని దొంగ అనుకున్నాడు. దొంగ తన విషం తాగడు. వీడికి నిజంగానే ఏమీ తెలీదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి కోపం తగ్గాల్సింది, ఇంకా పెరిగింది. ఏమీ తెలియని వాడి చేతిలోనా తన కన్ను పోయింది!

"నీకు నాకంటే ముందు పట్టింది గదా," అన్నాడు బుచ్చిరాజు. "నీకెలా మొదలైంది? మా ఆవిడ ఆసుపత్రికి వెళ్ళమని పోరుతోంది. నేనే పది ఊళ్ళ వాళ్ళకి చెప్పేవాణ్ణి, నేను వెళ్తే ఏం బావుంటుంది? పైగా భయం బావా. వెళ్ళాలంటావా?"

మార్కండేయులు గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగాడు. తొందరపడలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"తొందరేముంది? పచ్చికాయ ఎవరైనా కోస్తారా? ముదరనీ బావా," అన్నాడు.

బుచ్చిరాజు భుజాలు దిగాయి. పెద్ద ఊపిరి వదిలి నవ్వాడు. తడుముకుని మార్కండేయుల చెయ్యి అందుకుని నొక్కాడు. "అంతేనంటావా! అనుభవమున్నవాడివి. నీ మాటతో ధైర్యం వచ్చింది."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మార్కండేయులు లాక్కోలేదు. అనుకున్నదంతా అయింది. లేచి వెళ్ళిపోవచ్చు. ఇంకాసేపు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది ఎస్తేరు. నలభై ఏళ్ళ మనిషి, పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మ. కొంగు కుడికంటికి అదిమి పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది.

"రాజుగారూ, రాత్రి నుంచీ తల పగిలిపోతోందండీ. రెండుసార్లు వాంతి అయింది. ఈ కంటికి అంతా పొగలాగుంది."

బుచ్చిరాజు ఆవిడని కూర్చోబెట్టి భూతద్దం అందుకున్నాడు. కొంగు తీయించి చూశాడు. కన్ను మిరపపండులా ఉంది. "భయం లేదమ్మా. శుక్లం పుట్టేముందు వేడి చేస్తుంది. ఈ చుక్కలు వెయ్యి. ముదిరాక చూద్దాం." ఆవిడ ఏడుపు మొహం చూసి, నవ్వుతూ మార్కండేయుల వైపు చెయ్యి చూపించాడు. "నా మాట నమ్మకపోతే ఈ బావనడుగు. పెడన నుంచి వచ్చాడు. రెండేళ్ళుగా నా మందే. అవునా బావా?"

ఎస్తేరు తిరిగింది. "అంతేనాండీ అన్నయ్యగారూ?"

అవునంటే చాలు. అసలు ఏమీ అనకపోయినా చాలు. బుచ్చిరాజు కళ్ళు పోవడానికి ఎంత మౌనం కావాలో ఈవిడ కన్ను పోవడానికీ అంతే కావాలి. మార్కండేయులు కదలకుండా కూర్చున్నాడు. అరుగు మీద ఈగ ఒకటి తడిగ్లాసు అంచు మీద నడుస్తోంది. బుచ్చిరాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"దీపం చుట్టూ ఏమైనా కనపడిందా అమ్మా?" అన్నాడు మార్కండేయులు.

"కనపడిందండీ. రంగుల గుండ్రాలు, ఇంద్రధనుస్సులాగా. మీకెలా తెలుసు?"

"ఇది శుక్లం కాదు. ఆ చుక్కలు వెయ్యకు. నా ఎడమకన్ను అవి వేసుకుంటూనే పోయింది. ముదరడం కాదు, పోవడమే. గుడివాడలో డాక్టరమ్మ ఉంది, ఇవాళే వెళ్ళాలి. ఇది గంటల్లో పనని ఆవిడే చెప్పింది."

బుచ్చిరాజు నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా చెడింది. "నా ఇంట్లో కూర్చుని నా మందు తిడతావా? ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను కళ్ళు!"

"చూశావు. ఇప్పుడు నా ముక్కు చూడు," అన్నాడు మార్కండేయులు. పీట జరుపుకుని అతని ఎదురుగా కూర్చున్నాడు. "ముక్కు మీంచి చూపు తిప్పకు. నా చెయ్యి కనపడితే చెప్పు. అమ్మా, నువ్వు చూస్తూండు."

చెయ్యి బారచాపి, పక్కనుంచి మెల్లగా ముందుకి తెచ్చాడు. భుజం దాటింది. చెవి దాటింది. ఎస్తేరు ఒంటికన్ను ఆ చేతి వెంట నడిచింది. చెంప ఎదురుగా వచ్చింది. "ఏదీ చెయ్యి?" అన్నాడు బుచ్చిరాజు. ఎస్తేరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వేళ్ళు కనుబొమ కొస దాటాక అతను ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

బుచ్చిరాజు తన చెయ్యే తన చెవి పక్కన ఆడించి చూసుకున్నాడు.

"నాకున్నదీ ఇదేనా?" అన్నాడు బుచ్చిరాజు.

"ఇదే."

"నీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం. సంతలో."

బుచ్చిరాజు సీసాని అటూ ఇటూ తిప్పాడు. "మరి ఇందాక ముదరనీ అన్నావు గదా."

"అన్నాను."

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను."

బుచ్చిరాజు తల పంకించాడు. కోపం లేదు అతని గొంతులో. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "నేను తెలియక అన్నాను బావా. నువ్వు తెలిసి అన్నావు."

మార్కండేయుల కోపం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. అది నిలబడడానికి ఇందాకటిదాకా ఉన్న చోటే లేకుండా పోయింది. గుమ్మంలో బుచ్చిరాజు భార్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విందో తెలీదు. ఆవిడ చూపు భరించలేక మార్కండేయులు లేచాడు.

"చెప్పులేసుకో," అన్నాడు బుచ్చిరాజుతో, తిట్టినట్టుగా. "బండి వెళ్ళిపోద్ది."

ఆవిడ లోపలికి వెళ్ళి చెప్పులు తెచ్చి, వంగి, మొగుడి పాదాల ముందు సరిగ్గా పెట్టింది.

*

మధ్యాహ్నం బండిలో ఎస్తేరు కిటికీకి తల ఆనించి మూలుగుతూ కూర్చుంది. బుచ్చిరాజు ఆవిడ ఎదురుగా. మార్కండేయులు వాళ్ళ పక్కన ఖాళీ ఉన్నా పోయి తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. పెడన వచ్చినప్పుడు దిగిపోదామనుకున్నాడు. దారి వీళ్ళకి తెలీదు గదా అనుకుని ఆగాడు. బండి కదిలాక, స్టేషను బయట అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళే అని గుర్తొచ్చింది.

డాక్టరమ్మ ఎస్తేరుని చూడగానే ముందు గదిలో జనాన్ని పక్కకి జరిపి బల్ల ఎక్కించింది. నిమిషానికోసారి చుక్కలు వేసింది, మాత్రలు మింగించింది. సాయంత్రానికి తలపోటు దిగింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేస్తానంది. "రేపు వచ్చుంటే ఏ మాటా ఇవ్వలేకపోయేదాన్ని," అంది. ఎస్తేరు మార్కండేయుల కోసం కళ్ళతో వెతికి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. ఆయనకి ఆ నమస్కారం తీసుకోడానికి చేతులు లేవలేదు.

తర్వాత బుచ్చిరాజు వంతు. ముల్లు, దీపం, నల్లగుడ్డ. మార్కండేయులు గుమ్మం పక్కన శేషమ్మ నిలబడ్డ చోటే నిలబడి గుండుసూదులు లెక్కపెట్టాడు. పూస ఎక్కడ కనపడిందంటే అక్కడ గుచ్చుతూ పోయింది డాక్టరమ్మ. సూదుల గుండ్రం పెరిగి పెరిగి విస్తరంతైంది. తనది అరచేతంత. ఒళ్ళంతా మండిపోయింది. ఆ గుడ్డని మేకుల్నించి పీకి చింపి పోగులు పెట్టాలనిపించింది. వీణ్ణి ఇక్కడికి లాక్కొచ్చింది తను. వీడి చూపు నిలిచేది తన చేతుల మీదుగా.

"మీరు అదృష్టవంతులు," అంది డాక్టరమ్మ బుచ్చిరాజుతో. "ఈ జబ్బుతో ఇంత ముందుగా ఎవరూ రారు. చుక్కలు వాడండి, అవసరమైతే ఆపరేషన్ చేద్దాం. ఉన్నచూపు నిలబెట్టుకోవచ్చు. మీకేం పని?"

బుచ్చిరాజు తల దించుకున్నాడు. "కళ్ళు చూసేవాణ్ణండీ," అన్నాడు. "మానేశాను."

డాక్టరమ్మ కలం ఆగింది. గుమ్మంలో ఉన్న మార్కండేయులకేసి ఒకసారి చూసి, మళ్ళీ బుచ్చిరాజుకేసి చూసింది. చీటీ రాయడం పూర్తిచేసి అడిగింది. "మరి నొప్పి లేదు, ఎరుపు లేదు. ఇక్కడికి రమ్మని మీకెవరు చెప్పారు?"

బుచ్చిరాజు తలని పూర్తిగా పక్కకి తిప్పాడు. అలా తిప్పితే గాని అతనికి గుమ్మం కనపడదు. మార్కండేయులు గోడకి ఆనుకుని, తప్పించుకోకుండా నిలబడ్డాడు. చెప్పనీ, అంతా చెప్పనీ, బుధవారం నుంచీ జరిగిందంతా ఆవిడ ముందు చెప్పనీ అనుకున్నాడు. బుచ్చిరాజు మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"తెలిసినాయనేనండీ," అన్నాడు.

డాక్టరమ్మ ఆ మాటని పరిచయమున్నాయన అనే అర్థంలో తీసుకుని తలూపి, తరవాతి మనిషిని పిలవమంది. అందులో తన 'తెలిసే అన్నాను' వినపడిన మార్కండేయులు ఆ గదిలో ఇక నిలబడలేకపోయాడు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని, జేబులోంచి సీసా తీసి, తల వెనక్కి వాల్చి, మూడోపూట చుక్క వేసుకున్నాడు. మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది కంట్లో పడింది.